ఒక సైజు పెద్ద గాజులు

యాభై ఏళ్ళు ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడిగాను. చెయ్యి ఒట్టిగా మిగిలేలా తీసింది ఒక్క మనిషికే.

మాది ధర్మపురి దిక్కు పాపారపట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురమూ గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగినవాళ్ళమే. సోమవారం ఏరియూరు దిక్కు, గురువారం బస్సెక్కి నల్లంపల్లి దిక్కు. గాజులు అమ్మేవాడికి నోరుండాలంటారు. నాకు చేతులే ఉన్నాయి. ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని బొటనవేలి కింద ఒకసారి ఒత్తితే సైజు రెండు నాలుగో, రెండు ఆరో తెలిసిపోయేది. గాజు చెయ్యి దాటేటప్పుడు కొంచెం నొప్పి పెట్టాలి. దాటాక మణికట్టు దగ్గర బిగువుగా నిలవాలి. వదులు గాజు తొడిగిన రోజు మా నాన్న నన్ను కొనేవాళ్ళ ముందే తిట్టేవాడు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. పాత గాజులు తీసి కొత్తవి వేసేటప్పుడు చేతికి ఒక్క పాత గాజైనా ఉంచుతాము. కొత్తది ఎక్కిన తరువాతే దాన్ని తీస్తాము. మొగుడున్న ఆడదాని చెయ్యి రెప్పపాటైనా ఒట్టిగా ఉండకూడదు. గాజు పగిలిందని కూడా మేము అనము, పెరిగిందని అంటాము. మొగుడు పోయినప్పుడు గాజులు తీయించే పని వేరేవాళ్ళది. ఆ రోజు ఆ వీధిలోకే మేము పోము.

నా భార్య పంచవర్ణం మేనమామ కూతురు. మాకు పిల్లలు లేరు. ఆమె చేతులు రెండు నాలుగు. పెళ్ళికి మా నాన్న కొలిచి చెప్పాడు. ఆ తరువాత కొలవడానికని నేను ఆమె చెయ్యి పట్టుకున్నది లేదు. కొలత తెలిసిన చెయ్యే కదా.

పందొమ్మిది వందల అరవై ఏడు వానాకాలంలో పంచవర్ణం మొదటిసారి పడుకుంది. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకుంది, అంతే. తల దువ్వలేదు. పొయ్యి అంటించలేదు. పక్కన కూర్చుని ఏమైందని అడిగితే, చాలాసేపటికి, "ఏమీ లేదు బావా" అనేది. ఆ ఒక్క మాటకే అలసిపోయి కళ్ళు మూసుకునేది.

మా అక్క తిమ్మమ్మది పక్కిల్లే. వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా అనేది.

"ఒళ్ళు వంగదు గానీ, జబ్బేంది జబ్బు? నాకు ఆరుమంది పిల్లోళ్ళు. నేనెప్పుడన్నా గోడతో కాపురం చేసినానా?"

"ఊరుకో అక్కా."

"ఊరుకుంటాలే. గంజి మాత్రం నన్ను కాయమనొద్దు."

అలా అని, మధ్యాహ్నానికి తనే గంజి తెచ్చి ఆమె తల దగ్గర పెట్టిపోయేది.

వేపమండలతో దిగదుడిచాము. తాయెత్తు కట్టించాము. సంక్రాంతితో వచ్చే తై నెల పోయేసరికి పంచవర్ణం లేచింది. లేవడం మామూలుగా లేవలేదు. కోడి కూయకముందే వాకిలి ఊడ్చి, మా అక్క వాకిలి కూడా ఊడ్చి, ముగ్గును వీధి మలుపు దాకా లాగింది. "బావా, ఈపొద్దు నేనూ వస్తా" అని మలారంలో సగం తన భుజాన వేసుకుంది. దారి పొడుగునా పాటే. ఏరియూరు చేరేలోపల ముగ్గురు కొత్త ఆడవాళ్ళతో వదినా మరదళ్ళ వరస కలిపింది. నాకు లేని నోరు ఆమెకు వచ్చింది. నెల రోజులు సరుకంతా అమ్ముడుపోయి ఒట్టి భుజాలతో ఇల్లు చేరాము.

నిజం చెప్పాలంటే, నా బతుకులో అంత సంతోషం నేను ఎరగను. ఆమె నిద్రపోవడం లేదని తెలుసు. తెల్లవారేసరికి గాజులన్నీ రంగులవారీగా విప్పి, మళ్ళీ కట్టి ఉండేది. పోనీలే, పడుకున్న నెలల నిద్ర ఇంకా మిగిలి ఉందేమో అనుకున్నాను.

మూడేళ్ళు ఇదే వరస. పడుకున్నప్పుడు జబ్బు వచ్చిందన్నాము. లేచినప్పుడు బాగుపడిందన్నాము.

డెబ్బైలో, ఎండలు ముదిరే పంగుణి నెల సంత రోజున, పంచవర్ణం మలారం నేలమీద పరిచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఉత్తినే తొడగడం మొదలుపెట్టింది. "రాండి, రాండి! చేతులు చాపండి! డబ్బు ఎవురికి కావాల?" అని అరుస్తోంది. జనం మూగారు. మా వీధి చివర మేకలు పెట్టుకుని బతికే పెరుమాయి కూడా నిలబడి చూస్తోంది. పెరుమాయి మొగుడు పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. పంచవర్ణం ఆమె చెయ్యి గుంజి, వద్దు వద్దంటున్నా ఆకుపచ్చ గాజులు ఆరు ఎక్కించేసింది.

"ఏమ్మే, నీకు మతి ఉండాదా? నేను మొగుడు పోయిన ముండని!"

"అయితే? మొగుడు పోయినాడు గానీ చెయ్యి పోలేదు కదా! చూడు ఎట్ల మెరస్తాండాదో!"

పెరుమాయి చెయ్యి పైకెత్తి చూసుకుని నవ్వింది. అందరి ముందూ నవ్వింది. వెంటనే ముఖానికి కొంగు కప్పుకుంది.

సాయంత్రం ఆమె కొడుకు మా వాకిట్లోకి వచ్చాడు. "మా అమ్మను సంతలో ఆట ఆడిస్తారా? మేము మనుషులం కాదా?" అన్నాడు. నేను తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. లోపలినుంచి పంచవర్ణం, "నువ్వూ రా నాయనా, నీకూ తొడుగుతా, అందగాడివి!" అని అరిచింది. వీధంతా నవ్వింది. అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ నెల మా వీధిలో ఎవరూ నా దగ్గర గాజులు వేయించుకోలేదు.

వానలు పడే ఆవణి నెలకు మళ్ళీ గోడవైపు తిరిగింది. ఈసారి ఒక మాట కొత్తగా వచ్చింది. "నేను నీకు బరువు బావా. నేను లేకపోతే నీకు బాగుంటాది." ఆ మాట రోజూ అనేది, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. నాకు భయం పట్టుకుంది. ధర్మపురిలో ఒక కాంపౌండరు, బెంగుళూరులో దీనికోసమే ఆసుపత్రి ఉందని చెప్పాడు. మూటగట్టుకుని బస్సెక్కాము.

డాక్టరు చిన్నవాడు. అనంతపురం వైపు తెలుగు. పంచవర్ణాన్ని ఏవేవో మెల్లగా అడిగాడు. ఆమె తల ఊపింది, లేకపోతే ఊపలేదు. అప్పుడు నావైపు తిరిగాడు.

"దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఎప్పుడైనా ఉంటుందా అన్నా? నిద్ర లేకపోయినా అలుపు ఉండదు. మాటలు ఎక్కువ, సంతోషం ఎక్కువ, చేతిలో ఉన్నదంతా పంచిపెట్టడం. అలాగ?"

"అది బాగుండే కాలమయ్యా" అన్నాను.

"కాదన్నా. రెండూ ఒకటే జబ్బు. పైకి తీసుకుపోయేదీ అదే, కిందికి పడేసేదీ అదే. సోమరితనం కాదు, గాలి చేష్ట కాదు. ఆమె చేసుకున్నదీ కాదు, మీరు చేసిందీ కాదు. ఇప్పుడు ఒక మాత్ర వచ్చింది, ఒక రకం ఉప్పు. రక్తం చూస్తూ ఇవ్వాలి. రెండు నెలలు ఇక్కడ ఉంచండి. ఆ బరువు మాట అంటోంది చూడండి, ఇలాంటప్పుడు ఇంట్లో ఉంచకూడదు."

నాకు లోపల కోపం వచ్చింది. దిగులును జబ్బు అన్నాడు, సరే. నేను సంతోషంగా ఉన్న రోజులను కూడా జబ్బు అన్నాడు. అవి తీసేస్తే నాకు ఇంకేం మిగులుతుంది?

అయినా ఉంచుదామనే వార్డు వరండాకు వెళ్ళాను. అక్కడ మారియమ్మ అని ఒక ఆయా ఉంది. పంచవర్ణం చేతులు చూసి, "గాజులన్నీ తీసేయండి" అంది.

నాకు అర్థం కాలేదు.

"తాళి ఉండనీలే అన్నా. గాజు మాత్రం లోపలికి రాకూడదు. లోపల అందరూ మనసు బాగలేనోళ్ళు. పగిలితే ఎవురికన్నా తగులుతాది."

పగిలితే అంది. మా ఇళ్ళలో ఎవరూ అనని మాట.

"ఒక్కటి ఉంచుతాను. చేతికి ఒక్కటి."

"ఒక్కటైనా గాజు గాజే కదా. అంతగా కావాలంటే రబ్బరు గాజులు తొడుగు. ఎవురొద్దన్నారు?"

రబ్బరు గాజులు అప్పుడప్పుడే సంతలకు వస్తున్నాయి. వాటిని మేము గాజులని అనేవాళ్ళం కాదు. గాజులవాడి పెళ్ళాం చేతికి రబ్బరా?

"నేను బతికే ఉన్నానమ్మా" అన్నాను.

"ఉండు నాయనా, నిన్నెవురు పొమ్మన్నారు?" అంది మారియమ్మ.

నేను మూట తీసుకుని, పంచవర్ణాన్ని లేపి, గేటు వైపు నడిచాను. ఆమె నా వెనకే వచ్చింది. హోసూరు దాటాక బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అక్కడ వదిలేసి వచ్చుంటే బాగుండె" అంది. నేను విననట్టు కూర్చున్నాను. ఆ పొద్దు ఆ మాట విని ఉంటే, ఏడాది మిగిలేది.

తై వచ్చింది. పంచవర్ణం లేచింది, పాడింది. "చూసినావా అక్కా, ఆసుపత్రి లేకుండానే" అని నేను తిమ్మమ్మతో గొప్పగా అన్నాను. గొప్పలు పోవడం నాకు అలవాటు లేదు. ఆ ఒక్కసారి పోయాను. అయితే డాక్టరు చెప్పిన మాట చెవిలో ఉండిపోయింది. ఆమె దారిలో పాడుతుంటే, ఇంతకుముందు చూడనివి కంటబడ్డాయి. పాట మధ్యలో ఊపిరి అందక ఆగుతోంది. కళ్ళ కింద నల్లగా ఉంది. పాదాలు పగిలి నెత్తురు చుక్కలు పడుతున్నాయి, ఆమెకు తెలియడం లేదు. నేను చూసి కూడా పాట వింటూ నడిచాను.

డెబ్బై ఒకటి వానాకాలానికి పడిన పడక ముందటివాటిలాంటిది కాదు. గంజి నోట్లో పోస్తే బయటికే వచ్చేది. బిగువుగా ఉండే రెండు నాలుగు గాజులు మోచేతి దాకా జారిపోయేవి. నేను ఊళ్ళకు పోక తప్పదు కాబట్టి తిమ్మమ్మను కాపలా పెట్టి పోయేవాణ్ణి. ఒక సోమవారం తెల్లారి బయల్దేరడానికి మలారం సర్దుకుంటున్నాను. తిమ్మమ్మ ఇంకా రాలేదు. దొడ్డివైపు వెళ్ళిందనుకున్న పంచవర్ణం లోపలికి రాలేదు.

దొడ్డి చూశాను. వీధి చూశాను. పెన్నాగరం రోడ్డు మీద ఎటు పరుగెత్తాలో తెలియక నిలబడ్డాను. అప్పుడు చేల గట్టు మీదుగా ఇద్దరు ఆడవాళ్ళు వస్తూ కనబడ్డారు. ముందు మేకలు. వెనక పెరుమాయి, పంచవర్ణం చెయ్యి పట్టుకుని.

పెరుమాయి ఆమెను లోపల కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, బయటికి వచ్చింది. ఆ సంత రోజు తరువాత మాతో మాట్లాడని మనిషి.

"శేని బావి గట్టు మీద కూర్చోనుంది. లోపలికి చూస్తా ఉంది. పిలిస్తే పలకలే. చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చినా. ఇంకొంచేపు నా మేకలు వేరే దిక్కు పోయుంటే..." అని ఆగిపోయింది.

తిన్నె మీద కూర్చున్నాను.

"బెంగుళూరు పోయొస్తిరి కదా చిన్నసామీ, ఎందుకు తిరుక్కోనొచ్చినావు?"

చెప్పాను. ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను, గాజులు తీయమన్నారని. పెరుమాయి తన రెండు చేతులూ నా ముఖం ముందు చాపింది. నల్లగా, ఎండి, మోచేతి దాకా ఒట్టిగా ఉన్నాయి.

"ఇరవై ఏండ్లాయె. చచ్చినానా? మేకలు కాస్తా ఉండా, సంగటి తింటా ఉండా, నా కోడలితో జగడమాడతా ఉండా. ఆ పొద్దు మీ ఆడది ఈ చేతికి తొడిగినప్పుడు నాకెంత సంతోషమాయెనో నీకు తెల్దు. ఆరు గాజులూ సట్టిలో దాచిపెట్టినా. తొడుక్కోను, పారెయ్యను. అట్లాంటి మనిషి అది. గాజులు కావల్నా నీకు, మనిషి కావల్నా?"

ఆమె జవాబు కోసం నిలబడలేదు. మేకలు పక్క చేనులో పడ్డాయి, తిట్టుకుంటూ పోయింది.

ఆ పొద్దే బస్సెక్కాము. దారిలో ధర్మపురి బస్టాండులో ఒక తోపుడు బండి దగ్గర రెండు రబ్బరు గాజులు కొన్నాను. బండివాడు నన్ను ఎరిగినవాడే. "మీరా?" అన్నాడు. "నేనే" అన్నాను.

వార్డు వరండాలో అదే మారియమ్మ. నన్ను గుర్తుపట్టింది కానీ పోయినసారి సంగతి ఎత్తలేదు. సబ్బు, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. "నేను తియ్యనా?" అంది.

"నేను తీస్తాను" అన్నాను.

చేతికి పన్నెండు. సబ్బు రాసి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, ఒక్కొక్కటి లాగాను. తొడిగే దారే తీసే దారి. తిరిగి రావడమే. ఒక్కటీ పెరగలేదు. ఎడమచేతికి ఒకటి, కుడిచేతికి ఒకటి మిగిలేసరికి నా చేతులు ఆగిపోయాయి. ఎక్కడినుంచో మా నాన్న చూస్తున్నట్టనిపించింది.

పంచవర్ణం మూడు రోజులుగా నోరు విప్పని మనిషి. "తియ్యి బావా" అంది.

తీశాను. జేబులోంచి రబ్బరు గాజులు తీసి ఆమె ముందు పెట్టాను. వాటిని చూసింది, తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఇట్లే ఉండనీ." ఒట్టి చేతులు రెండూ చంకల్లో దాచుకుని మారియమ్మ వెనక లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి చూస్తుందేమో అని తలుపు మూసేదాకా నిలబడ్డాను. చూడలేదు.

ఇరవై నాలుగు గాజులనూ దారానికి కట్టి మూటలో వేసుకుని ఇల్లు చేరి, మలారంలో దాచాను.

రెండు నెలలన్నది నాలుగు నెలలైంది. మొదట కొన్నాళ్ళు తిమ్మమ్మ గంజి తెచ్చింది, తరువాత నేనే వద్దన్నాను. పొద్దున వండుకున్నదే రాత్రికి. ఆ గోడ దగ్గర చాప అలాగే పరిచి ఉండేది. ఊళ్ళలో ఆడవాళ్ళు చెయ్యి చాపి, "పాటల అక్క యాడ? రాలేదే?" అని అడిగేవాళ్ళు. "ఊళ్ళో లేదు" అనేవాణ్ణి. వాళ్ళ చేతులు ఒత్తి, బిగువు చూసి, తొడిగి, లేచేవాణ్ణి. రోజుకు ఇరవై ముప్పై చేతులు పట్టుకునేవాణ్ణి. ఇల్లు చేరాక ఒక మాట మాట్లాడడానికి మనిషి లేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో కూడా ఇల్లు ఇంత ఒట్టిగా లేదు. అప్పుడు ఆమె ఎలా ఉండేదో, అంతమంది మధ్య ఒంటరిగా, అది నాకు ఆ నాలుగు నెలల్లో కొంచెం తెలిసింది. కొంచెమే.

నెలకొకసారి పోయి చూసి వచ్చేవాణ్ణి. మొదటిసారి నన్ను చూసి ఏడ్చింది. రెండోసారి, "తిన్నావా?" అని అడిగింది. మూడోసారి మా అక్క ఎవరితో జగడమాడుతోందో చెప్పమంది. నాలుగోసారి తీసుకుపొమ్మన్నారు. మాత్ర ఆపకూడదు, నెలనెలా రక్తం చూపించాలి, నీళ్ళు బాగా తాగాలి, లేచినా పడినా వెంటనే తీసుకురావాలి. డాక్టరు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. "ఇది పూర్తిగా పోయిందని ఎప్పుడూ అనుకోకండన్నా" అని కూడా అన్నాడు. సరేనన్నాను.

ఇంటికి వచ్చిన మనిషి పడుకోలేదు. పరుగెత్తలేదు. వాకిలి వరకే ఊడ్చింది, వాకిలి వరకే ముగ్గు పెట్టింది. గాజులు వేస్తానంటే ఇప్పుడే వద్దంది. ఒట్టి చేతులతో కుళాయి దగ్గరికి పోతే ఆడవాళ్ళు చూపు తిప్పుకున్నారు. తిమ్మమ్మ మాత్రం వాళ్ళతో, "మా తమ్ముడు గుండ్రాయి మాదిరి ఉండాడు, పోయి చూసుకోండి!" అని బిందెతో మీదికి పోయింది.

పంగుణి వచ్చింది. పొద్దున మలారం ఎత్తుకుని వాకిట్లో కాసేపు నిలబడేవాణ్ణి. నేను దేనికోసం నిలబడుతున్నానో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"పాట రాదు బావా. గొంతు వరకు వస్తాది, అక్కడే కూర్చుంటాది" అంది ఒకరోజు.

"రాకపోతే పోనీ" అన్నాను. సగం నిజమే చెప్పాను.

ఆ పొద్దు తనే మలారంలో దారానికి కట్టిన ఆ ఇరవై నాలుగూ బయటికి తీసింది. ఒకటి ఎక్కించుకోబోయింది. ఎక్కలేదు. మాత్రలకో, తిండి సరిగ్గా తినడానికో, ఒళ్ళు వచ్చింది. చెయ్యి నావైపు చాపింది. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళకు, ఆమె చెయ్యి పట్టుకుని బొటనవేలి కింద ఒత్తి చూశాను. తెలియని చెయ్యి. చల్లగా ఉంది, కొంచెం వణుకుతోంది. ఆ వణుకు మందుదని డాక్టరు ముందే చెప్పాడు.

"రెండు ఆరు" అన్నాను.

"రెండు ఎనిమిది వెయ్యి."

"వదులవుతాది."

"వదులుగానే ఉండనీ. మళ్ళా పోవాల్సి వస్తే, సబ్బు లేకుండా వచ్చెయ్యల్ల. చేతికి రెండు చాలు."

మా నాన్న వింటే మలారం లాక్కునేవాడు. ఆకుపచ్చవి నాలుగు ఏరి, ఒక సైజు పెద్దవి, చేతికి రెండు చొప్పున వేశాను. నొప్పి లేకుండా జారిపోయాయి. ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

వదులు గాజులు ఊరికే ఉండవు, చెయ్యి కదిలినప్పుడల్లా ఒకదానికొకటి తగులుతాయి. బియ్యం చెరుగుతోంది, చెంబు దించింది, పొయ్యి దగ్గర కూర్చుంది. నేను వాకిట్లో మలారం భుజాన వేసుకుని ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. అది కాసేపు ఆగింది. మాత్ర వేసుకుంటోంది కాబోలు అనుకుని, మళ్ళీ మొదలయ్యేదాకా ఉండి, ఏరియూరు దారి పట్టాను.